'మానేశాడు' అని రాయకండి

పీఎఫ్ ఉన్న ఉద్యోగి పని వదిలితే కంపెనీ వాళ్లు పీఎఫ్ పోర్టల్‌లో రెండు గళ్లు నింపాలి. ఏ తేదీన వెళ్లాడన్నది ఒకటి, ఎందుకు వెళ్లాడన్నది రెండోది. ఆ రెండో గడిలో ఎంచుకోవడానికి కొన్ని కారణాలే ఉంటాయి: వయసు నిండి రిటైరయ్యాడు, ఉద్యోగంలో ఉండగా చనిపోయాడు, శాశ్వతంగా అశక్తుడయ్యాడు, లేదంటే మామూలుగా మానేశాడు. కృష్ణపట్నం దారిలోని గోడౌన్లో బస్తా కింద పడి నడుం పోయినవాడైనా, రొయ్యల ప్లాంటులో ఐసునీళ్లలో చేతులు పెట్టి పెట్టి వేళ్లు మడత పడని మనిషైనా, గుమస్తా చెయ్యి అలవాటుగా పోయేది ఆ చివరి కారణం మీదికే.

ఆ గడి మీద ఎంత ఆధారపడి ఉందో జబ్బు ముదిరాక కూడా చాలామందికి తెలియదు. 'శాశ్వత అశక్తత' అని పడితే, 58 ఏళ్లు రాకుండానే, పదేళ్ల సర్వీసు లేకుండానే, జీవితాంతం నెలనెలా పింఛన్ అడిగే దారి ఉంటుంది. అయిదేళ్లు నిండకపోయినా గ్రాట్యుటీ వస్తుంది. 'మానేశాడు' అని పడితే ఆ మనిషి తనంతట తాను వెళ్లిపోయినట్టే. తర్వాత పీఎఫ్ ఆఫీసు మెట్లెక్కి, "ఒంట్లో బాగాలేకే మానుకున్నా సార్" అంటే, "మీ కంపెనీ అట్టా రాయలేదే" అన్న జవాబుకు సిద్ధపడాలి.

జబ్బు చేసి ఉద్యోగం నుంచి రిటైరవడం అనే సంగతే ఈ నెల్లూరు తీరానికి కొత్త. నలభై ఏళ్ల కిందట కావలి దగ్గరి తుమ్మలపెంట మొదలుకొని దక్షిణాన దుగరాజపట్నం దాకా సముద్రం పక్కన ఉన్న పెద్ద పనులు వేట, ఉప్పు, వరి. వాటిలో నియామకపు కాగితమూ లేదు, విరమణా లేదు. ఓపిక ఉన్నన్నాళ్లు తెప్ప మీదికి పోయేవాడు, లేనినాడు పాలెంలో కూర్చుని వల బాగుచేసుకునేవాడు. తొంభైల్లో రొయ్య వచ్చింది. వరి మళ్లు గుంటలయ్యాయి, గుంటల వెనకాలే హేచరీలు, మేత ఫ్యాక్టరీలు, ఐసు ప్లాంట్లు, ఎగుమతి ప్లాంట్లు వచ్చాయి. 2008లో కృష్ణపట్నం ఓడరేవు పని మొదలైంది. దాని పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, పంటపాలెం వైపు వంటనూనెల శుద్ధి కర్మాగారాలు లేచాయి. తీరం మనిషి చేతికి మొదటిసారి జీతం చీటీ వచ్చింది. అందులో ఒక గడిలో పీఎఫ్ కోత కనపడింది. ఆ కోత వెనక ఒక పింఛన్ కూడా ఉందని, అది ముసలితనానికే కాక జబ్బుకూ వర్తిస్తుందని చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

పదిహేనో పేరా

ఉద్యోగుల పింఛన్ పథకం 1995 నవంబరు 16 నుంచి అమల్లో ఉంది. ఈపీఎస్-95 అని అందరూ అనేది దీన్నే. యజమాని కట్టే 12 శాతంలోంచి 8.33 శాతం ఇందులోకి పోతుంది. జీతం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునేది 15,000 వరకే కాబట్టి నెలకు 1,250 రూపాయలకు మించి జమ కాదు. కేంద్రం తన వంతుగా మరో 1.16 శాతం వేస్తుంది. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛన్. కావాలంటే 50 దాటాక ముందే తీసుకోవచ్చు, కాకపోతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. ఇంతవరకూ కార్మికుల్లో చాలామందికి తెలుసు.

తెలియనిది ఈ పథకంలోని 15వ పేరా. ఉద్యోగంలో ఉండగా ఎవరైనా శాశ్వతంగా, పూర్తిగా అశక్తులైతే పదేళ్ల సర్వీసు నియమం వాళ్లకు పట్టదు. ఒక్క నెల చందా జమ అయి ఉంటే చాలు. అశక్తత ఏర్పడిన మర్నాటి నుంచి పింఛన్ లెక్క మొదలై జీవితాంతం సాగుతుంది. ఇంకో మాట, అసలు ముఖ్యమైనది: ఆ అశక్తత పనిచేసే చోట జరిగిన ప్రమాదం వల్లనే రావాలని లేదు. ఇంట్లో పక్షవాతం వచ్చినా, మూత్రపిండాలు పాడైనా, ఆదివారం మైపాడు బీచికి పోతూ బండి మీంచి పడినా అదే నియమం. పథకం నిర్వచనంలోనే ఈ సంగతి రాసి ఉంది. "కంపెనీలో దెబ్బ తగిలితేనే వస్తుందంట" అని తీరం పల్లెల్లో వినపడేది సగం నిజం. ఆ మాట ఈఎస్ఐ వాళ్లిచ్చే అశక్తత పరిహారానికి వర్తిస్తుంది, ఈ పింఛన్‌కు వర్తించదు.

అసలు తిరకాసు మరోచోట ఉంది. నిర్వచనం దగ్గర పథకం ఏమంటుందంటే, అశక్తత ఏర్పడిన నాటికి ఆ మనిషి చేయగలిగిన పనులన్నింటికీ పనికిరాకుండా పోవాలి. మెడికల్ బోర్డు పరీక్ష గురించి చెప్పేచోట అడిగేది ఇంతకంటే చిన్న ప్రశ్న: అప్పటికి చేస్తున్న ఉద్యోగానికి ఇతను శాశ్వతంగా, పూర్తిగా పనికిరాడా? రెండింటికీ చాలా దూరం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికి ఒక కన్ను పోయిందనుకుందాం. ఫోర్క్‌లిఫ్ట్ ఇక నడపలేడు. గేటు దగ్గర రిజిస్టరు రాయగలడు. మొదటి ప్రశ్న వేస్తే ఓడిపోతాడు, రెండో ప్రశ్న వేస్తే గెలుస్తాడు. అధికారి ఏది పట్టుకుంటాడో ముందే చెప్పలేం. ఇరవై ఏళ్లు బరువులు ఎత్తడం తప్ప మరో పని నేర్పని చోట "నువ్వు వేరే పని చేసుకోవచ్చుగా" అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. బోర్డుకు సంబంధించిన నియమం చేస్తున్న ఉద్యోగాన్నే అడుగుతోంది కాబట్టి దరఖాస్తుదారు గట్టిగా పట్టుకోవాల్సిందీ ఆ వాక్యాన్నే.

అందుకే డాక్టరు ఇచ్చే కాగితంలో జబ్బు పేరు ఒక్కటే ఉంటే లాభం లేదు. "నడుము వద్ద డిస్కు జారింది" అని రాయడం వేరు. "రోజుకు ఎనిమిది గంటలు నిలబడి, వంగి, పాతిక కిలోల ట్రేలు ఎత్తే పని ఇతను ఇక చేయలేడు, మెరుగుపడే అవకాశం లేదు" అని రాయడం వేరు. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఓపీ దగ్గర డాక్టరుకు ఒక్కో రోగికి దొరికేది కొద్ది నిమిషాలు. మన పని ఏమిటో ఆయన ఊహించుకోలేడు. ఏ పని చేస్తారో, ఎంత బరువు ఎత్తుతారో, ఎన్ని గంటలు చలిగదిలో ఉంటారో ఒక తెల్లకాగితం మీద రాసి కంపెనీ చేత ముద్ర వేయించుకుని డాక్టరుకు చూపించడం మంచిది. ఆ అరపేజీ విలువ తర్వాత తీసే స్కాన్లకు ఉండకపోవచ్చు.

ఇక్కడ సదరం సర్టిఫికెట్ గురించి ఒక మాట. "సదరం ఉంది కదా, పీఎఫ్ పింఛన్ అదే వస్తుంది" అనుకుంటారు. సదరం వైకల్యపు శాతం చెబుతుంది. పీఎఫ్ బోర్డు పనిని గురించి అడుగుతుంది. ఒక కన్ను పూర్తిగా పోతే కొలత ప్రకారం 30 శాతమే, సదరంలో 40 దాటదు. అయినా డ్రైవరుగా ఆ మనిషి బతుకు ముగిసినట్టే. సదరం కాగితం ఫైలుకు జత చేయండి, దాని మీదే భారం వేయకండి.

తొంభై వేలా, నెలకు పన్నెండు వందలా

లెక్క కష్టమైనదేం కాదు. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. సగటు జీతం 14,000, సర్వీసు 12 ఏళ్లు అయితే నెలకు 2,400. సర్వీసు ఆరేళ్లయితే 1,200. లెక్క వెయ్యికి తక్కువగా తేలితే వెయ్యికి పెంచి ఇస్తారు. ఆ కనీస మొత్తం 2014 సెప్టెంబరులో నిర్ణయించింది, ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఆరేళ్ల సర్వీసు మనిషి దగ్గరే చిక్కు వస్తుంది. పదేళ్లు నిండనివాళ్లు ఫారం 10సి పెట్టి పింఛన్ ఖాతా డబ్బు ఒకేసారి తీసేసుకోవచ్చు. పైన చెప్పిన ఆరేళ్ల మనిషికి అలా వచ్చేది సుమారు 90 వేలు. ఆసుపత్రి అప్పు వాకిట్లో నిలబడి ఉన్నప్పుడు 90 వేలు పెద్ద మొత్తమే. మొబైల్ సెంటరులో కుర్రాడు పీఎఫ్ డబ్బుతో పాటు దీనికీ ఆన్‌లైన్లో దరఖాస్తు కొట్టేస్తాడు, "మొత్తం తీసేద్దామా అన్నా?" అని అడుగుతాడు. ఊ అంటే అంతే. సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది, 15వ పేరా కింద అడగడానికి ఆధారం మిగలదు.

అదే మనిషి ఫారం 10డి పెట్టి అశక్తత పింఛన్ తెచ్చుకుంటే, నెలకు 1,200 చొప్పున ఆరేళ్ల పైచిలుకులో ఆ 90 వేలు వచ్చేస్తాయి. అతనికి 41 ఏళ్లే అయితే తర్వాతి ఏళ్లన్నీ పైమాటే. అతను పోయాక భార్యకు పింఛన్ ఉంది, 25 ఏళ్లు వచ్చేదాకా ఇద్దరు పిల్లలకూ వాటా ఉంది. పిల్లల్లో ఎవరైనా శాశ్వత వైకల్యంతో ఉంటే ఆ బిడ్డకు జీవితాంతం ఉంటుంది. అప్పు తీర్చడానికి పీఎఫ్ సొమ్ము పూర్తిగా తీసుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. శాశ్వత అనారోగ్యంతో రిటైరైనవాళ్లు దాన్ని వెంటనే తీసుకునే వీలు నియమాల్లోనే ఉంది. పీఎఫ్ వేరు, పింఛన్ ఖాతా వేరు. మొదటిది తీసి రెండోది ఉంచుకోండి. పింఛన్ సొమ్ము వెనక్కి తీసుకోవడానికి ఉన్న రెండు నెలల గడువును 36 నెలలకు పెంచాలని 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు నిర్ణయించినప్పుడు చాలామంది తిట్టిపోశారు. మా డబ్బు మాకివ్వడానికి మూడేళ్లా అన్న కోపం సబబే. అయితే జబ్బుపడినవాడి వైపు నుంచి చూస్తే ఆ ఆలస్యం ఒక విధంగా రక్షణే అవుతుందని చెప్పకుండా ఉండలేను.

ఈ పథకంలో అసలు లేనివాళ్లూ ఉన్నారు. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే జీతం 15 వేలు దాటిన ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు ఈపీఎస్ సభ్యులు కారు. యజమాని వాటా మొత్తం వాళ్ల పీఎఫ్‌లోనే పడుతుంది. పాస్‌బుక్‌లో పింఛన్ గడి ఖాళీగా కనపడితే కారణం ఇదే. అలాంటివాళ్లు సొంతంగా అశక్తత బీమా చూసుకోవడం తప్ప దారి లేదు.

రాజీనామాకు ముందు

జబ్బు చేసిన రోజుకూ ఉద్యోగం పోయే రోజుకూ మధ్య ఉన్న నెలలే అసలు కీలకం. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఆ నెలలు దాటడానికి కొంత ఆసరా ఉంది. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. క్షయ, క్యాన్సర్, పక్షవాతం లాంటి 34 దీర్ఘకాల జబ్బుల జాబితా ఒకటుంది. వాటిలో ఏదైనా అయితే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగిస్తారు. పైగా ఆ భత్యం తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయడానికి, శిక్షించడానికి వీల్లేదని ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ ముప్పావు శతాబ్దంగా చెబుతూ వచ్చింది. ఈ రక్షణ తెలిసిన యజమానులు మనిషిని తీసెయ్యరు. రాజీనామా రాయించుకుంటారు.

"నువ్వెటూ రాలేకపోతున్నావు, ఒక కాగితం రాసియ్యి, సెటిల్‌మెంట్ చేసేద్దాం." ఇంత మర్యాదగా జరుగుతుంది ఆ పని. కాంట్రాక్టరు మేస్త్రి ఊరివాడే, దూరపు చుట్టం కూడా కావచ్చు. కోపతాపాలేం ఉండవు, మనిషి సంతకం పెడతాడు. ఆ సంతకంతో ఏమేం పోతాయో చూడండి. గ్రాట్యుటీకి సాధారణంగా అయిదేళ్ల సర్వీసు కావాలి. అశక్తత వల్ల ఉద్యోగం ముగిస్తే అయిదేళ్ల షరతు లేదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోనూ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ మినహాయింపు ఉంది. 14 వేల జీతంతో నాలుగేళ్లు చేసినవాడికి అది సుమారు 32 వేలు. రాజీనామా ఇస్తే సున్న.  చేతికి దక్కేవి గ్రాట్యుటీ, పింఛన్, పీఎఫ్. వాటిని ఒక తెల్లకాగితానికి ఇచ్చేయడం ఎందుకు?

జబ్బు పనిలోంచే వచ్చినా, ప్రమాదం పనిచోటే జరిగినా ఇంకో లెక్క ఉంది. ఈఎస్ఐ ఉంటే వాళ్ల మెడికల్ బోర్డు సంపాదన శక్తి ఎంత పోయిందో కొలిచి నెలనెలా జీవితాంతం ఇస్తుంది. ఈఎస్ఐ లేకుంటే యజమాని పరిహారం కట్టాలి. 40 ఏళ్ల మనిషి, 15 వేల జీతం, పూర్తి అశక్తత అయితే పాత ఉద్యోగుల పరిహార చట్టం పట్టిక ప్రకారం 16 లక్షల 57 వేల పైచిలుకు తేలుతుంది. రెండేళ్లలోపు కార్మిక శాఖ దగ్గర దావా వేయాలి. ఓడరేవు చుట్టుపక్కల కాంట్రాక్టు పనుల్లో ఒడిశా, బిహార్, బెంగాల్ కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. దెబ్బ తగిలిన నాలుగోరోజు రైలెక్కించి పంపించేస్తే దావా వేసేదెవరు?

కాంట్రాక్టు మనుషులకు మరో తంటా ఉంది. రెండేళ్లకోసారి కాంట్రాక్టరు మారుతుంటాడు, మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ ఖాతా పడుతుంది, ఒకే మనిషికి రెండు మూడు యూఏఎన్‌లు (పీఎఫ్ సభ్యత్వ నంబర్లు) ఉంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పీఎఫ్‌లో వెనక. పుట్టిన తేదీ ఒకచోట జనవరి 1, ఇంకోచోట జూలై 1. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఇవి చిన్న విషయాలు. మంచాన పడ్డాక ఒక్కో అక్షరం సవరణకు వేరే మనిషి తిరగాలి. కాంట్రాక్టరు కోసిన పీఎఫ్ కట్టకపోతే అసలు కంపెనీకీ బాధ్యత ఉంటుందన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. "వాడు మా మనిషి కాదు" అన్న మాట పీఎఫ్ చట్టం ముందు చెల్లదు.

ఫారం 10డి మామూలుగా యజమాని ద్వారా పోవాలి. ఫొటోలు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల పుట్టిన తేదీల రుజువులు జతపరచాలి. తర్వాత మెడికల్ బోర్డు. మంజూరైతే పింఛన్ చెల్లింపు ఉత్తర్వు (పీపీవో) నంబరు వస్తుంది. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు శాఖ నుంచైనా ఈ పింఛన్ తీసుకునే ఏర్పాటు వచ్చింది కాబట్టి, చెన్నైలో కూతురి దగ్గరికి వెళ్లి ఉన్నా ఇబ్బంది లేదు. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఫోనులో మొహం చూపించి కూడా ఇవ్వొచ్చు.

సర్కారు కొలువుల్లో కథ వేరు

ఇదే తీరంలో ప్రభుత్వోద్యోగికి చట్టం చెప్పే మాట పూర్తిగా ఎదురు దిశలో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ణి ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి పనికిరాకపోతే అదే జీతంతో మరో పనిలో వేయాలి. ఖాళీ లేకుంటే అదనపు పోస్టు సృష్టించి, రిటైరయ్యేదాకా అయినా అందులో ఉంచాలి. 1995 చట్టంలోనూ 47వ సెక్షన్‌గా ఇదే ఉండేది. బిట్రగుంట రైల్వే కుటుంబాలకు ఇది కొత్త కాదు: చూపు తగ్గిన డ్రైవరును 'డీకేటగిరైజ్' చేసి వేరే పనిలో వేయడం రైల్వేలో పాత పద్ధతే.

ఆర్టీసీల దగ్గర మాత్రం ఇది తేలికగా జరగలేదు. తెలంగాణ ఆర్టీసీలో 2014లో చేరిన ఒక డ్రైవరుకు రంగులు గుర్తించే లోపం ఉందని వైద్య పరీక్షలో తేలింది. 2016లో వైద్య కారణాలతో రిటైర్ చేసేశారు. ప్రత్యామ్నాయ ఉద్యోగం అడిగితే ఇవ్వలేదు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆ డ్రైవరు పక్షాన తీర్పిచ్చింది. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇస్తామని 1979లోనే యూనియన్‌తో ఆర్టీసీ చేసుకున్న ఒప్పందాన్ని కోర్టు ఎత్తిచూపింది. వేరే పని లేదని సంస్థ నిజంగా వెతికి చూశాకే చెప్పాలంది. తగిన ఉద్యోగంలోకి తిరిగి తీసుకోమంది. తొమ్మిదేళ్లు పోయాయి మధ్యలో.

ఇంకో పాత తీర్పు 2003 నాటిది. కాలు కోల్పోయిన ఒక కానిస్టేబుల్‌ను అశక్తత పింఛన్ ఇచ్చి పంపేశారు. పింఛన్ తీసుకున్నావు కాబట్టి ఉద్యోగం అడగడానికి లేదని ప్రభుత్వం వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, పింఛన్ పుచ్చుకున్నంత మాత్రాన చట్టమిచ్చిన ఉద్యోగ రక్షణ పోదంది. కాబట్టి ప్రభుత్వ సంస్థల్లో పనిచేసే పాఠకులు ముందు అడగాల్సింది వేరే పని. అది కుదరనప్పుడే విరమణ.

అయితే మన రాష్ట్రంలో ఇక్కడ ఇంకో మలుపు ఉంది. తండ్రి 'మెడికల్ ఇన్‌వాలిడేషన్' కింద రిటైరైతే పిల్లల్లో ఒకరికి కారుణ్య నియామకం వచ్చే అవకాశం. సర్వీసు కనీసం అయిదేళ్లు మిగిలి ఉండాలి. కాళ్లూ చేతులూ చచ్చుబడడం, ఇతర అవయవాలకు పాకిన క్యాన్సర్, తీవ్రమైన పార్కిన్సన్స్ వంటి జబ్బులకే వర్తిస్తుంది. సింగరేణిలోనూ ఇదే బాట: 2017 మార్చిలో వారసత్వ ఉద్యోగాలను హైకోర్టు కొట్టేశాక, 'మెడికల్ అన్‌ఫిట్' అయినవాళ్ల పిల్లలకు కారుణ్యం పేరుతో ఉద్యోగాలిచ్చారు. దీంతో జబ్బు ఒక కుటుంబ ఆస్తి అయిపోయింది. ఇంట్లో నిరుద్యోగి కొడుకు, యాభై అయిదేళ్ల తండ్రి, చేతిలో రిపోర్టులు. బోర్డు ముందు నిలబడ్డ ప్రతివాణ్ణీ అనుమానంగా చూసే అలవాటు అక్కణ్ణుంచే వచ్చింది. నిజంగా వణుకుతున్న చెయ్యి కూడా నటనగా కనపడుతుంది. తప్పు ఆ తండ్రిది అనను; ఉద్యోగాలు లేని ఊళ్లో ఎవరైనా అదే చేస్తారు. కానీ రోగి పింఛన్‌నూ కొడుకు ఉద్యోగాన్నీ ఒకే కాగితానికి ముడిపెట్టిన పద్ధతి వల్ల రోగులకే నష్టం జరిగింది. వాటిని విడదీయాలి.

బయటి ప్రపంచంలో దీన్ని విడదీసి చూసే పద్ధతులున్నాయి. తెలుగు డాక్టర్లు, నర్సులు ఎందరో పనిచేసే బ్రిటన్ ఎన్‌హెచ్ఎస్‌లో అనారోగ్య విరమణకు రెండు అంచెలు పెట్టారు. తన ఉద్యోగం చేయలేనివారికి మొదటి అంచె, ఏ క్రమబద్ధమైన పనీ చేయలేనివారికి అంతకంటే ఎక్కువిచ్చే రెండో అంచె. ఆయుష్షు ఏడాదిలోపే అని డాక్టర్లు తేల్చినవారు పింఛన్‌ను ఒకేసారి మొత్తంగా తీసుకోవచ్చు. మన 15వ పేరాలో కలగాపులగంగా ఉన్న రెండు ప్రశ్నలను వాళ్లు వేరుచేసి, దేనికి తగ్గ జవాబు దానికి పెట్టుకున్నారు. మనకూ అది అసాధ్యమేం కాదు, పథకంలో రెండు వాక్యాల సవరణ చాలు.

యజమాని లేనివాళ్లు

ఇంతవరకూ చెప్పినదంతా జీతం చీటీ ఉన్నవాళ్ల సంగతి. జువ్వలదిన్నె, ఇసకపల్లి, కోడూరు, తూపిలిపాలెం వైపు పట్టపుపాలేల్లో వేటకు పోయేవాళ్లకు, ఉప్పు మళ్లలో పాదాలు పగిలేవాళ్లకు, గుంటల గట్ల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లకు ఈ పథకాల్లో ఏదీ రాదు. వాళ్లకున్నది రాష్ట్ర ప్రభుత్వపు ఎన్టీఆర్ భరోసా. 2024 జూలై నుంచి 50 ఏళ్లు దాటిన మత్స్యకారుడికి నెలకు 4,000, 40 శాతం దాటిన దివ్యాంగుడికి 6,000, మంచానికే పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. డయాలసిస్ మీద ఉన్నవారి వంటి కొన్ని కేసుల్లో 10,000. సముద్రంలో ప్రమాదం జరిగి పూర్తిగా అశక్తుడైతే కేంద్ర మత్స్య సంపద పథకం కింద 5 లక్షల బీమా ఉంది. 45 ఏళ్లకు గుండె జబ్బు చేసి వేట మానిన మనిషి వీటి మధ్య ఖాళీలో పడిపోతాడు: యాభై రాలేదు, సదరంలో నలభై శాతం రాదు, ప్రమాదమూ జరగలేదు. 2025లో దివ్యాంగుల పింఛన్లన్నీ మళ్లీ తనిఖీ చేసి, శాతం తగ్గినవాళ్లకు నోటీసులిచ్చి అప్పీలు చేసుకోమన్నప్పుడు, తిరిగి ఆసుపత్రుల ముందు వరుస కట్టాల్సి వచ్చింది చాలామందికి.

ఇక్కడే ఒక పోలిక తప్పించుకోలేం. నెలనెలా చందా జమైన కార్మికుడు మంచాన పడితే కేంద్ర పథకం హామీ ఇచ్చే కనీస పింఛన్ 1,000. ఏ చందా లేని దివ్యాంగుడికి రాష్ట్రం ఇచ్చేది 6,000. ఆ ఆరు వేలు ఎక్కువని ఎవరూ అనకూడదు, ఆ డబ్బుతో ఒక మనిషి మందులు, తిండి వెళ్లదీసుకోవడమే కష్టం. సిగ్గుపడాల్సింది ఆ వెయ్యికి. 2014లో వెయ్యి ఇచ్చినప్పుడు ఉన్న గ్యాసు బండ ధర ఇప్పుడు లేదు, బీపీ మాత్ర ధర లేదు, నెల్లూరుకు బస్సు చార్జీ లేదు. కనీసం 7,500, దానికి కరువు భత్యం ఇవ్వమని ఈపీఎస్ పింఛనుదారులు ఏళ్లుగా ఢిల్లీ దాకా పోయి ధర్నాలు చేస్తున్నారు. పింఛన్ ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది ప్రభుత్వ పింఛనుదారుల కేసు. ప్లాంటులో రొయ్య ఒలిచిన ఆడమనిషికి ఆ మాట వర్తించే రోజు ఇంకా రాలేదు.

కంపెనీల్లో హెచ్ఆర్ సీట్లలో కూర్చున్న పాఠకులకు ఒక విన్నపం. జబ్బుతో వెళ్లిపోతున్న మనిషి ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, కారణం గడిలో ఉన్నది ఉన్నట్టు నింపండి. దానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు. పింఛన్ కంపెనీ ఇవ్వదు, నిధి ఇస్తుంది. ఇళ్లలో ఉన్నవాళ్లకు: ఈ వారంలో ఒకసారి యూఏఎన్ తెరిచి పేరు, పుట్టిన తేదీ, నామినేషన్ సరిచూసుకోండి. ఇంట్లో ఎవరైనా మంచాన పడి ఉంటే, ఎంత మంచివాడు వచ్చి కాగితం చేతికిచ్చినా ఆ రోజు సంతకం పెట్టకండి. ఫారం 10సి నొక్కకండి. ముందు డాక్టరు కాగితం, తర్వాత కంపెనీకి రాతపూర్వకంగా అశక్తత దరఖాస్తు, దాని మీద అందినట్టు ముద్ర. రాజీనామా అవసరమే రాదు.